బస్సు సరే, ఎక్కేదెవరు?

డబ్బా మీద ఫొటోలో, ఫైర్ స్టేషన్ ముందు కూర్చుని నవ్వుతున్న పిల్లవాడికి ఐదేళ్లయినా ఉంటాయి. మన ఇంట్లోవాడికి ఏడాదిన్నర. డబ్బాలో రెండు ఫైరింజన్లు, ఒక హెలికాప్టర్, పొడుగ్గా సాగే నిచ్చెన, ట్రాఫిక్ సిగ్నళ్లు, చిటికెన వేలంత మనుషులు, వాళ్ల తలలకి విడిగా తొడిగే హెల్మెట్లు, మనమే అంటించుకోవాల్సిన స్టిక్కర్లు ఉంటాయి. కొన్న నాన్నగారు ఆదివారం పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా కూర్చుని అన్నీ బిగిస్తారు. వాడొచ్చి ఒక హెల్మెట్ నోట్లో పెట్టుకుని, ఖాళీ అట్టపెట్టెలోకి ఎక్కి కూర్చుంటాడు. అమెరికాలో రోచెస్టర్ నగరంలోని నేషనల్ టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్ 2005లో అట్టపెట్టెని కూడా గొప్ప ఆటవస్తువుల జాబితాలో చేర్చింది. కాబట్టి వాడి అభిరుచిని తప్పుపట్టడానికి లేదు. హెల్మెట్ సంగతే చూడాలి.

ఏడాది దాటి మూడేళ్లు నిండని పిల్లలకి బళ్ల సెట్టు కొనేటప్పుడు మన కళ్లు ముందు బండి మీదికే పోతాయి. రంగు, లైట్లు, అసలు బండిని ఎంత బాగా దించారన్నది చూస్తాం. ఆ వయసులో ఆట మాత్రం బండిలో జరిగే పని చుట్టూ తిరుగుతుంది. మనుషుల్ని ఎక్కించడం, దింపడం. తొట్టి నింపడం, కుమ్మరించడం. తలుపు తీయడం, వేయడం, మళ్లీ తీయడం. వీటిలో ఎన్ని పనులు పెద్దవాళ్ల సాయం లేకుండా ఆ చిన్న చేతులతో అవుతాయో అదే సెట్టు విలువ. మిగతా హంగులన్నీ కొనేవాళ్ల కోసం పెట్టినవి. డబ్బులిచ్చేది వాళ్లే కనుక అందులో అన్యాయమేమీ లేదు.

ఉత్తుత్తి ఆట ఒక్కరోజులో వచ్చేది కాదు. ఏడాది నిండే వేళకి బండి అంటే తిరిగే చక్రం, నోట్లో పెట్టి చూడదగ్గ వస్తువు, అంతే. ఏడాది, ఏడాదిన్నర మధ్య పిల్లలు ఖాళీ గ్లాసు ఎత్తి తాగినట్టు నటిస్తారు. ఈ నటన ముందు తమతోనే మొదలవుతుంది. కొన్నాళ్లకి అదే గ్లాసుతో బొమ్మకి తాగిస్తారు. రెండేళ్ల ప్రాంతంలో రెండుమూడు పనులు వరసగా కలుపుతారు: డ్రైవర్‌కి అన్నం పెట్టి, బస్సెక్కించి, అందులోనే పడుకోబెడతారు. చెక్కముక్క ఫోను కావడం, చీపురుపుల్ల గేరు కావడం ఆ తర్వాతి మెట్టు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఇలాంటి సంగతులు చాలావరకు తన సొంత పిల్లల్ని గమనించే రాశాడు. బువ్వాలాట చూస్తూ కూర్చున్న మన అమ్మమ్మలకి కూడా ఈ వరస తెలుసు. పుస్తకం వేయలేదంతే.

ఈ వరసలో కొనుగోలుకి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. నటనలోకి మనిషి ముందు వస్తాడు, వాహనం తర్వాత వస్తుంది. అన్నం తినడానికీ ఏడవడానికీ పడిపోవడానికీ ఒక మనిషో కుక్కో కోడో లేని బండి, రెండేళ్లలోపు పిల్లలకి గోడ దాకా వెళ్లి ఆగిపోయే వస్తువు. కొన్ని ఖరీదైన కార్లలో డ్రైవర్‌ని సీటుకి కలిపేసి అచ్చుపోస్తారు. చూడటానికి బాగుంటాడు, దిగడానికి ఉండడు. రెండో సంగతి, చిన్నవయసులో వస్తువు దాని అసలు రూపానికి దగ్గరగా ఉంటేనే ఉత్తుత్తి ఆట తేలిగ్గా సాగుతుంది. ఒట్టి చెక్కదిమ్మెని బస్సనుకోవడం మూడేళ్ల తర్వాతి సంబరం. రెండేళ్లప్పుడు బస్సు బస్సులాగే ఉండాలి. అయితే కిటికీలు, తలుపు, నాలుగు చక్రాలు కనిపిస్తే చాలు. వైపర్లు, నంబర్ ప్లేటు లేవని ఆ వయసువాళ్లెవరూ ఫిర్యాదు చేయరు.

ఇక్కడే ఒక చిత్రమైన ప్రయోగం గురించి చెప్పాలి. జూడీ డిలోచ్, డేవిడ్ ఉట్టల్, కార్ల్ రోసెన్‌గ్రెన్ అనే పరిశోధకులు 2004లో సైన్స్ పత్రికలో దాన్ని ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల్ని ముందు తాము కూర్చుని కాళ్లతో తోసుకుంటూ తిరగగలిగే కారుతో ఆడనిచ్చారు. తర్వాత వాళ్లని బయటికి తీసుకెళ్లి, ఆ కారు స్థానంలో అచ్చం అలాంటిదే, అరచేతిలో పట్టే కారు పెట్టారు. తిరిగొచ్చిన పిల్లల్లో కొందరు ఆ బుల్లి కారు తలుపు తీసి, ఎంతో శ్రద్ధగా అందులో పాదం దూర్చబోయారు. వాళ్లు హాస్యానికి చేయలేదు. ఇది కారు అని గుర్తుపట్టే తెలివి, ఇది నాకు పట్టదు అని కొలిచే తెలివి ఆ వయసులో ఇంకా పూర్తిగా కలిసి పనిచేయవన్నది పరిశోధకుల వివరణ. కొనేవాళ్లకి ఇందులో ఉన్న సూచన సూటిగా ఉంటుంది: ఏ బండి మీదైనా ఏదో ఒకరోజు పది పన్నెండు కిలోల మనిషి నిలబడతాడు. పెళుసు ప్లాస్టిక్ అయితే ఆ రోజే దాని ఆఖరి రోజు, విరిగిన అంచు పాదంలోకి దిగుతుంది. పైకప్పు బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి పైకి వచ్చేది కొనండి. నొక్కగానే టప్పుమనేది అక్కడే వదిలేయండి.

మనుషుల విషయానికొస్తే, ఫిషర్ ప్రైస్ కంపెనీ ‘లిటిల్ పీపుల్’ కథ తెలుసుకుంటే సగం చదువు అయినట్టే. ఆ కంపెనీ 1959లో స్కూల్ బస్సొకటి తెచ్చింది. సీట్లలో గుండ్రటి గుంటలు, వాటిలో దిగే గుంజల్లాంటి మనుషులు. కాళ్లూ చేతులూ లేవు, ముఖం ఒక్కటే ఉంది. రెండేళ్ల చేతికి అది అచ్చంగా సరిపోయే ఊహ: గుంటలో గుంజ దింపడం ఆ వయసుకి పెద్ద విద్య, దిగినప్పుడు వచ్చే చిన్న చప్పుడు పెద్ద బహుమానం. ఏళ్ల తరబడి అవి లక్షల ఇళ్లకి చేరాయి. చిక్కల్లా ఒక్కటే, ఆ మనుషులు గొంతులో అడ్డుపడేంత సన్నగా ఉండేవారు. ఎడ్వర్డ్ స్వార్ట్జ్ అనే అమెరికన్ లాయర్ 1986లో ప్రమాదకరమైన బొమ్మల మీద పుస్తకం రాసి, ముఖచిత్రానికి వీళ్లనే ఎక్కించాడు. 1991లో కంపెనీ వాళ్లని లావుగా, పొట్టిగా మార్చేసింది. పాత బస్సు గుంటల్లో కొత్త మనుషులు పట్టరు. సేకరించేవాళ్లు దీని గురించి ఇప్పటికీ బాధపడతారు, పిల్లల డాక్టర్లు బాధపడరు. 2016లో ఆ లిటిల్ పీపుల్ కూడా అట్టపెట్టె ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లోకే చేరారు.

గొంతు కొలతకి ఒక గొట్టం ఉంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే ప్రయోగశాలల్లో దాని నోటి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒకవైపు 25.4, మరోవైపు 57.1 మిల్లీమీటర్లు. బొమ్మగానీ, ఊడివచ్చిన ముక్కగానీ నొక్కకుండా అందులో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ ఈ వయసుకి పనికిరాదు. ఆ గొట్టం మన ఇళ్లలో ఉండదు, పది రూపాయల బిళ్ల ఉంటుంది. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. బిళ్లకి నాలుగు వైపులా రెండు మిల్లీమీటర్లకి కాస్త పైగా చోటు కలిపితే గొట్టం నోరు వచ్చేస్తుంది. డ్రైవర్ తల బిళ్ల కన్నా కాస్త పెద్దదైనంత మాత్రాన నమ్మకండి, స్పష్టంగా పెద్దదై ఉండాలి. బంతుల్లాంటి గుండ్రటి వాటికి నిబంధన ఇంకా కఠినం, ఎందుకంటే అవి జారి వెళ్లి సరిగ్గా బిగుసుకుంటాయి. సిమెంటు లారీలోంచి రాలే రంగుగోళీలు, క్రేను కొక్కేనికి వేలాడే పూసలు ఈ లెక్కలోకే వస్తాయి.

డబ్బా మీద గుండ్రంలో పసిముఖం, 0-3 అంకెలు, వాటి మీద అడ్డగీత ఉంటే, ఆ బొమ్మ మూడేళ్లలోపువాళ్లకి ఇవ్వవద్దని అర్థం. ‘మావాడు వయసుకి మించిన తెలివిగలవాడు’ అన్న వాదన ఇక్కడ చెల్లదు. గొంతు వెడల్పు తెలివిని బట్టి పెరగదు.

మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచి, ముందు ఏడాది కేంద్రం తెచ్చిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం. బ్యాటరీ లేనివాటికి ఐఎస్ 9873, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేవాటికి ఐఎస్ 15644. చైనా నుంచి వచ్చినా జర్మనీ నుంచి వచ్చినా ఇక్కడ అమ్మాలంటే ఈ గుర్తు ఉండాల్సిందే. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని, ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే తయారీదారు పేరు రావాలి. తిరునాళ్లలో, సిగ్నల్ దగ్గర కొనే బళ్లకి ఈ శ్రమ పడనవసరం లేదు, ఎందుకంటే చూడటానికి గుర్తే ఉండదు.

షాపులో ఎవరైనా చేసుకోగల పరీక్షలు ఉన్నాయి, సేల్స్‌మన్ కాస్త చిరాకుపడతాడు గానీ. బండిని కౌంటర్ మీద పెట్టి ఒక్క తోపు తోయండి. చక్రాలు హాయిగా తిరగాలి. ఈ వయసుకి కావాల్సింది అటూ ఇటూ స్వేచ్ఛగా దొర్లే చక్రం. వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే కారు పెద్దవాళ్లకి ముచ్చటగా ఉంటుంది. ఏడాదిన్నర పిల్లకి మాత్రం అది ముందుకు తోస్తే మొరాయించే కారు. వెనక్కి లాగాలి, పట్టుకోవాలి, సరైన క్షణంలో వదలాలి అన్న మూడు పనుల లెక్క ఆ పిల్లకి ఇంకా అందదు. తర్వాత టైరుని గోటితో గట్టిగా లాగి చూడండి. రబ్బరు తొడుగు ఊడి చేతికొస్తే, ఇంట్లో నోటికే వెళుతుంది. ఇరుసు చివర ఇనుపమొన ఉందా, అచ్చు అతుకుల దగ్గర ప్లాస్టిక్ అంచు గరుగ్గా గీరుకుంటోందా అని వేలు నడిపించి చూడండి. చెవి దగ్గర ఊపండి. లోపల ఏదో గలగలమంటే అది కొనకముందే ఊడిపోయిన ముక్క. తలుపులు, డిక్కీ మూసేటప్పుడు మీ చిటికెనవేలు మధ్యలో పెట్టండి. మీకు నొప్పి పుడితే వాళ్లకి ఏడుపొస్తుంది.

బ్యాటరీ ఉంటే దాని అరకి స్క్రూ ఉండాలి, గోటితో తెరుచుకోకూడదు. ఇందులో అందరికన్నా అమాయకంగా కనిపించే దొంగ, సెట్టుతోపాటు ఉచితంగా వచ్చే కారు తాళంచెవి. నొక్కితే హారన్ మోగుతుంది, అంటే లోపల తరచూ బొత్తాం ఆకారపు బ్యాటరీ ఉంటుంది. మింగిన ఆ బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు, తెల్లారేదాకా చూద్దామనుకోవడం అసలే వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రైలు పెట్టెల్ని కలిపే అయస్కాంతాలదీ ఇలాంటి కథే. రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టేస్తాయి. అవి చెక్కలోనో ప్లాస్టిక్‌లోనో కదలకుండా కూరుకుని ఉన్నాయా అని లాగి చూడాలి.

చప్పుళ్ల గురించి నా అభిప్రాయం పక్షపాతంతో కూడుకున్నది, అంబులెన్స్ బొమ్మ ఉన్న ఇంట్లో తెల్లవారుజామున పడుకున్నవాళ్లెవరూ తటస్థంగా ఉండలేరు. ఆధారం కూడా నా పక్షానే ఉంది. అనా సోసా అనే పరిశోధకురాలు 2016లో జామా పీడియాట్రిక్స్‌లో ప్రచురించిన అధ్యయనంలో, మాట్లాడే, మోగే ఎలక్ట్రానిక్ బొమ్మలతో పది నుంచి పదహారు నెలల పిల్లలు తల్లిదండ్రులతో కలిసి ఆడినప్పుడు, పుస్తకాలు, మామూలు బొమ్మలతో ఆడినప్పటికంటే ఇంట్లో మాటలు తగ్గాయి. బొమ్మ మాట్లాడుతుంటే మనం నోరు మూసుకుంటాం, పెళ్లింట్లో మైకు పక్కన కూర్చున్న చుట్టాల్లాగా. సైరన్ బండి చేస్తే పిల్ల చేయదు. ‘కుయ్ కుయ్’ అని పిల్ల నోటితో చేసే సైరన్‌కి బ్యాటరీలు అక్కర్లేదు, మాటలు నేర్వడానికీ పనికొస్తుంది.

ఏ బండి కొనాలన్న ప్రశ్నకి జవాబు వీధిలో ఉంది. దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి పసుపుపచ్చ అమెరికా స్కూల్ బస్సు, లండన్ ఎర్ర డబుల్ డెక్కర్, మంచు తోసే ట్రక్కు. రెండేళ్ల పిల్ల నటించేది తాను చూసిన పనినే. మన వీధిలో పిల్లకి పరిచయమున్నవి ఆటో, ఆర్టీసీ బస్సు, ట్రాక్టరు, గ్యాస్ బండి, పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే చెత్త ఆటో. పాట సందు మలుపులో ఉండగానే ఇంట్లో అందరికన్నా ముందు గుమ్మంలోకి పరుగెత్తేది పిల్లలే. అందుకే చెత్తబండి సెట్టు దొరికితే రెండో ఆలోచన వద్దు: డబ్బా ఎత్తడం, కుమ్మరించడం, తడి ఒకవైపు, పొడి ఒకవైపు వేయడం అన్నీ పిల్లలు చేయగల పనులు. తడీ పొడీ విడదీయడం మనకన్నా వాళ్లకే ముందు వచ్చేస్తుంది. 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న మొదలైంది మన దగ్గరే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. ఆ పేరు అంకెలు రాని పిల్లలకి కూడా తెలుసు. వెనక తలుపు తెరుచుకుని, పడుకోబెట్టడానికి మనిషి, మంచం ఉన్న అంబులెన్స్ అయితే సెట్టు. లేకపోతే తెల్ల వ్యాను.

నన్నడిగితే మొదటి బండి ట్రాక్టరు, విడదీసి తగిలించుకునే తొట్టితో. తొట్టిలో ఏదైనా వేయొచ్చు: ఉల్లిపాయలు, చెంచాలు, తాతగారి కళ్లజోడు. రెండోది తలుపున్న బస్సు, పైకప్పు తెరుచుకుంటే మరీ మంచిది, చేయి లోపలికి పోతుంది. జేసీబీ మీద పిల్లలకున్న భక్తి అందరికీ తెలుసు, పెద్దవాళ్లు కూడా పనులు మానుకుని నిలబడి చూస్తారు. కాకపోతే రెండు మీటలతో నడిపే బొమ్మ జేసీబీలు మూడేళ్లు దాటితే గానీ లొంగవు. చేత్తో తొట్టిని తిప్పగలిగే మొద్దు రకం చూసుకోవాలి. ర్యాంపులున్న గ్యారేజీలో కారు జారుతుంటే ఏడాదిన్నర పిల్లలు లెక్కలేనన్నిసార్లు వదులుతారు, అది ఉత్తుత్తి ఆట కాకపోయినా ఇంట్లో ప్రశాంతత కాబట్టి సరే. పట్టాలున్న రైలు రెండున్నర దాటాక. అంతకు ముందు పట్టాలు కలిపేది మీరు, పీకేది వాళ్లు. ఎక్కి కూర్చుని కాళ్లతో తోసుకునే కార్ల వంశానికి మూలపురుషుడు 1979లో లిటిల్ టైక్స్ తెచ్చిన కోజీ కూపే. తలుపు తీసి ఎక్కి, పెట్రోలు మూత తిప్పి, తాళం వేసి, బయటికి చూసి చెయ్యూపే అవకాశం ఉంది కనుక అది నిజంగానే ఉత్తుత్తి ఆట. బ్యాటరీ జీపులో పిల్ల కూర్చుంటే రిమోట్‌తో నడిపేది నాన్న. ఆడుతున్నదెవరో అక్కడే తెలిసిపోతుంది.

చెక్కబొమ్మ అనగానే నిశ్చింత అనుకునేవాళ్లున్నారు. 2007 జూన్‌లో అమెరికాలో వెనక్కి పిలిపించిన థామస్ రైలుబళ్లు సుమారు 15 లక్షలు. అవన్నీ చెక్కవే, లోపం వాటి రంగులోని సీసానిది. కాబట్టి చెక్క కన్నా చెక్క మీద ఏముందన్నది అడగాలి. ఏటికొప్పాక బొమ్మలకి ఈ విషయంలో మంచి పేరు ఉంది: అంకుడు కర్రని తరిణె పట్టి, తిరుగుతుండగానే చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని పూస్తారు. అంచులు వాటంతటవే గుండ్రంగా వస్తాయి. ఆ ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి గుర్తింపు కింద నమోదైన తయారీదారులకీ, హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకీ ఐఎస్ఐ గుర్తు నుంచి మినహాయింపు ఉంది. అంటే గుర్తు లేదని కంగారుపడొద్దు, గొట్టం కొలత మాత్రం మానొద్దు. కొండపల్లి ఎడ్లబండి వేరే సంగతి. తెల్లపొణికి తేలికైన మెత్తటి కర్ర, అవయవాలు చింతగింజల పిండి, రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతికించినవి. దాని చోటు షోకేసు. పిల్ల చేతికిస్తే ఎద్దులకి కొమ్ములు సాయంత్రం దాకా ఉండవు.

ఎన్ని కొనాలి? టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో 36 మంది పసిపిల్లల్ని ఒకసారి నాలుగు బొమ్మలతో, మరోసారి పదహారు బొమ్మలతో వదిలి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. సెట్టు కొన్నా రెండు బళ్లు, నలుగురు మనుషుల్ని బయట ఉంచి తక్కినవి అటకెక్కించి, నెలకో రెండు నెలలకో మార్చండి. అటక మీంచి దిగింది కొత్తదే అవుతుంది, దానికి మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదు.

‘బాబుకా, పాపకా?’ అని షాపులో అడిగితే వయసు చెప్పండి చాలు. బళ్ల మీద విపరీతమైన మోజు మగపిల్లల్లో ఎక్కువ కనిపిస్తుందన్న పరిశోధనని, ఇందాకటి బుల్లి కారు ప్రయోగం చేసిన డిలోచే మరో బృందంతో కలిసి 2007లో ప్రచురించింది. అయితే మోజు ఉండటం వేరు, దొరకడం వేరు. బస్సులెక్కి ఊళ్లకి వెళ్లేది ఆడపిల్లలు కూడా.

కొన్నాక మీ వంతు ఒకటుంటుంది, అది నేల మీద కూర్చోవడం. కూర్చున్న పెద్దవాళ్లు చాలామంది పరీక్ష పెడతారు: ఇది ఏ రంగు, చక్రాలెన్ని, ఇంగ్లీషులో ఏమంటారు. పిల్ల లేచి వెళ్లిపోతుంది. దాని బదులు మీరు ప్రయాణికులైపోండి. ‘అమ్మా, ఈ బస్సు ఎక్కడికి పోతుంది?’ అంటే ‘అమ్మమ్మ ఊరు’ అంటుంది. ‘నాకో టికెట్ ఇస్తావా?’ అంటే చేతిలో ఏదో పెడుతుంది, చాలాసార్లు తడిగా ఉంటుంది. ‘చిల్లర లేదమ్మా’ అనండి. ఇలాంటి మాటలు ఆ ఆటలోకి రావడానికే తలుపున్న బస్సు, దిగగలిగే మనుషులు కావాలన్నాను.

ఇంత జాగ్రత్తగా ఎంచుకున్నా పుట్టినరోజుకి ఎవరో ఒకరు యాభై ముక్కల ఫైర్ స్టేషన్ తెస్తారు. తిప్పి పంపలేం. డబ్బా తెరిచి, గట్టి చక్రాలున్న పెద్ద బండిని, బిళ్ల పరీక్షలో నెగ్గిన మనుషులుంటే వాళ్లని పిల్ల చేతికిచ్చి, హెల్మెట్లు, గొట్టాలు, సిగ్నళ్లు ఒక సంచిలో మూటకట్టి, మూడో పుట్టినరోజు తేదీ రాసి అటక మీద పెట్టండి. ఇచ్చినవాళ్లు ఇంటికొచ్చి నిచ్చెన ఏదని అడిగితే మరమ్మతుకి వెళ్లిందని చెప్పండి. ఫైర్ స్టేషన్ కదా, నమ్ముతారు.